నాగవేణి పొడిలో ఏముంది

18 డిసెంబరు 1952, గురువారం

పొద్దున మంచు పడింది. ఎనిమిది దాటినా వీధి చివర నాంపల్లి స్టేషను కప్పు కనిపించలేదు. తేమకు కుంకుడు కాయలు మెత్తబడి రోట్లో అతుక్కుంటున్నాయి. ఎండ వచ్చేదాకా ఆగి, గింజ తీసిన పెచ్చును ఆబిడ్స్ దుకాణం మిద్దె మీద ఆరబోశాం. కొండమ్మ సీకాయ జల్లించింది. మూతికి గుడ్డ కట్టుకున్నా ఆమెకు తుమ్ములు ఆగవు.

"నేను తుమ్ముకుంటనే సస్త కొడుకా. పాడె మోసేటోళ్ళను జర మూతికి గుడ్డ కట్టుకొమ్మను" అంది.

మధ్యాహ్నం సేటు శ్యామ్‌సుందర్ గారు రెండు సంచులు తెప్పించారు. ఒకదాంట్లో చాకలి సోడా, రెండో దాంట్లో సబ్బు పొడి. మన నాగవేణి తలంటు పొడిలో కుంకుడు సగానికి తగ్గించి, ఆ జాగాలో ఇవి కలపమన్నారు.

"నురగ ఎట్లుండాలె రాజమల్లూ? గిన్నెల నుంచి పొంగి బయటికి రావాలె. పబ్లిక్ నురగ జూసి కొంటది. మన కుంకుడు నురగ పావుగంటల కూలబడ్తది."

"నెత్తికి సోడా మంచిది గాదు సేట్."

"జరంత గద. నీకెందుకు ఫికర్?"

కలిపాను. కొలతలు నేనే రాసిపెట్టాను. జనవరి నెలంతా జరిగే నుమాయిష్ ప్రదర్శనలో మాకు స్టాలు దొరికింది. పొట్లం మీద మాటలు కూడా నేనే రాయాలి. ఏడో జమాతు దాకా నేను చదివింది ఉర్దూలోనే. తెలుగు ఊళ్ళో గ్రంథాలయంలో నేర్చుకున్నాను. అయినా దుకాణంలో తెలుగు తప్పుల్లేకుండా రాసేది నేనొక్కడినే.

"ఎనిమిది మూలికలు" అని రాయమన్నారు. కుంకుడు, సీకాయ, మెంతులు, ఉసిరి, వట్టివేరు, కచ్చూరాలు. ఆరే వచ్చాయి. సోడా కూడా భూమిలోంచి వచ్చేదే.

21 డిసెంబరు, ఆదివారం

సెలవు. మా ఇంటిది యాదవ్వ ఆదివారమే తలకు పోసుకుంటుంది. ఆమె జుట్టు మోకాళ్ళు దాటుతుంది, నీళ్ళు తోడి పోయడానికి మనిషి కావాలి. ఆ పని నాది.

ఇవాళ ఆమెను అడిగి ఒక పరీక్ష చేశాను. పాపిట తీసి రెండు పాయలు చేశాను. ఎడమ పాయకు నాగవేణి పొడి. కుడి పాయకు ఆమె ఎప్పుడూ పెట్టుకునేవే పెట్టాను. ముందు నానబెట్టిన నల్లరేగడి మన్ను, అది కడిగాక కుంకుడు రసం. రెండు వైపులా వాకిట్లో బావి నీళ్ళే. కొండమ్మ మా పక్క గదిలోనే ఉంటుంది. గడప మీద కూర్చొని చూసింది.

"ఏందిరా, ఆలుమొగలు నెత్తి గూడ పాలు పంచుకుంటున్రా?"

బావి నీళ్ళు ఉప్పు. ఎడమ వైపు పొడి నురగ కట్టలేదు. పాలు విరిగినట్టు తెల్లగా విరిగి వెంట్రుకలకు పట్టుకుంది. నాలుగు చెంబులు పోసినా పోలేదు. కుంకుడుకు ఆ నీళ్ళలోనే నురగ వచ్చింది, ఒక చెంబుకే పోయింది. ఎండలో ఆరబెట్టి దువ్వాను. దువ్వెనకు వచ్చినవి ఎడమ వైపు ముప్పై ఎనిమిది, కుడి వైపు పదకొండు.

యాదవ్వ రెండు కొసలూ వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసింది.

"ఇటుదిక్కుది కొబ్బరి పీచు లెక్కున్నది. ఇంకోపారి పెట్టకు. ఇది నా సొమ్ము గాదు, నర్సింహ సామిది."

రెండేళ్ళ కింద నాకు మోతీజరా, అదే టైఫాయిడు, వచ్చి ఇరవై రెండు రోజులు దవాఖానలో పడి ఉన్నాను. పద్నాలుగో రోజు ఊరి వాళ్ళకు కబురు పెట్టుకొమ్మని చెప్పారట. ఆరోజు ఆమె నా పేరు మీద యాదగిరిగుట్టకు నిండు తల ఇస్తానని మొక్కింది. నేను లేచాను. తర్వాత ఒక ఏడు సెలవు దొరకలేదు. ఒక ఏడు ఏదో అడ్డం వచ్చింది. ఈ మాఘంలో పోవాలి.

22 డిసెంబరు

సేటుకు రెండు పాయల సంగతి చెబుదామని పోయాను. ఆయన స్టాలుకు వేసే రంగుల గురించి మాట్లాడుతున్నారు. చెప్పలేదు.

27 డిసెంబరు, శనివారం

చలి తగ్గింది. ముప్పై శేర్ల పొడి పొట్లాలు కట్టాం. మధ్యాహ్నం యాదవ్వ సద్ది తెచ్చి ఇచ్చి పోయింది. ఆమె గడప దిగేదాకా సేటు చూస్తూనే ఉన్నారు.

"మీ ఇంటిది గదనా? జుట్టు అసలుదేనా, సవరమా?"

"అసలుదే సేట్."

"స్టాల్ల కూసోమను. మొకం గోడ దిక్కు పెట్టి, వీపు పబ్లిక్ దిక్కు పెట్టి కూసుంటే సాలు. నాగవేణి వాడితే గిట్లయితదని పక్కన బోర్డు పెడ్దం."

"ఆమె ఈ పొడి వాడదు."

"వాడుతదని నువ్వు జెప్పకు. బోర్డు జెప్తది."

మళ్ళీ ఆయనే అన్నారు. "నీ పెండ్లామని మాత్రం అనకు. గుమాస్తా ఇంటిదాన్ని తెచ్చి కూసోబెట్టిండంటే నవ్వుతరు. కంపెనీ మనిషి అను. స్టాలు మంచిగ నడిస్తే పెద్ద గుమాస్తా గద్దె నీదే."

ఇంటికి పోయి యాదవ్వకు చెప్పాను. గద్దె మాట చెప్పాను. ఎవరిగా కూర్చోవాలో చెప్పలేదు.

"నెలంతనా?" అంది.

"నెలే. అది కాంగనే గుట్టకు పోదం. మాఘం దాటనియ్య."

"ఒట్టు?"

ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను.

1 జనవరి 1953

మొదటి రోజు. గాలి లేదు, దుమ్ము ఉంది. యాదవ్వ ఎత్తు పీట మీద కూర్చుంది. ఎదురుగా గుడ్డ గోడ. దాని మీద చూడ్డానికేమీ లేదు. జుట్టు విప్పి వీపు మీద వదిలాం. పీట దాటి కిందికి దిగింది. నేను రెండు గాజు సీసాలు పెట్టుకొని ఒకదాంట్లో ఒట్టి కుంకుడు, రెండో దాంట్లో నాగవేణి వేసి, గండిపేట నల్లా నీళ్ళు పోసి జనం ముందు గిలకొట్టాను. ఉప్పు లేని తేట నీళ్ళు కాబట్టి నాగవేణి నురగ మూత దాకా లేచింది. కుంకుడు నురగ నాలుగు వేళ్ళు కూడా లేదు. తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పాను. బావి నీళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

యాదవ్వ ఆరు గంటలు కూర్చుంది.

4 జనవరి

జనం. గొంతు పోయింది.

8 జనవరి, గురువారం

పొద్దున దుకాణంలో జల్లెడ పని, మధ్యాహ్నం నుంచి స్టాలు. జుట్టు నిజమా కాదా అని అందరికీ అనుమానమే. ఒక పెద్దావిడ కొస పట్టి గుంజింది. యాదవ్వ తల వెనక్కి వంగింది. ఒకాయన చివరి వెంట్రుకలు వేలికి చుట్టుకొని పక్కవాడికి చూపించాడు. చెయ్యి పెట్టొద్దని అనాలి. "మెల్లగా చూడండి" అన్నాను.

పొట్లాలు అందించే కొండమ్మ నా చెవి దగ్గర అంది. "సంతల ఎడ్లకు పండ్లు జూస్తరు. గీడ ఎంటికలు జూస్తున్రు. రేపు నడిపిచ్చి జూపుమంటరు, తయారుగుండు."

ఇంటికి వచ్చాక యాదవ్వ జుట్టంతా గట్టిగా ముడి వేసుకొని కొంగు కప్పుకుంది.

"ఇంకెన్ని రోజులు?"

"ఇరవై మూడు."

11 జనవరి, ఆదివారం

ఇవాళ ఒక టీచరమ్మ వచ్చారు. పేరు విద్యావతి అని పక్కావిడ పిలిస్తే విన్నాను. నాంపల్లిలో ఆడపిల్లల బడిలో చెబుతారట. పొట్లం మీద నేను రాసినదంతా చివరిదాకా చదివిన మనిషి ఈమె ఒక్కరే.

"ఎనిమిది మూలికలని రాసిన్రు. పేర్లు ఆరే ఉన్నయి. ఆ రెండు ఏవండీ?"

"అవి కంపెనీ రహస్యమమ్మా."

"నెత్తికి పెట్టుకునేదాంట్ల రహస్యమేందండీ?" అని నవ్వి రెండు పొట్లాలు కొన్నారు. నేనూ నవ్వాను.

17 జనవరి

టీచరమ్మ మళ్ళీ వచ్చారు. ఏదో అడిగారు. ఏదో చెప్పాను.

19 జనవరి, సోమవారం

మొన్నటిది సరిగా రాయలేదు. ఈ పుస్తకం చూసేవాళ్ళు ఎవరూ లేరు. రాయడానికేం.

టీచరమ్మ తలకు రుమాలు కట్టుకొని వచ్చారు. విప్పి చూపించారు. జుట్టు దీపం వత్తుల్లాగా పాయలు పాయలుగా అంటుకుపోయి ఉంది. నుదుటి పైన ఒకచోట పలచబడింది.

"రెండుసార్లే పోసుకున్న. ఇంత ఊడింది" అని కాగితంలో చుట్టిన వెంట్రుకల ఉండ బల్ల మీద పెట్టారు.

"మీ ఇంట్లో బావి నీళ్ళా అమ్మా?"

"ఔ, బావే. బావి నీళ్ళతోని వద్దని పొట్లం మీద ఎక్కడ రాసిన్రు?"

రాయలేదు. చుట్టూ పది మంది నిలబడ్డారు. ఆమె నన్ను వదిలిపెట్టి యాదవ్వ వీపు వైపు తిరిగి అడిగారు. "ఓ అమ్మా, నువ్వు జెప్పు. నువ్వు దేంతోని పోసుకుంటవు?"

యాదవ్వ కదల్లేదు.

"ఈమె మాట్లాడదా? ఎవరండీ ఈమె, మీకేమైతది?"

"ఏం కాదమ్మా. కంపెనీ తెచ్చిన మనిషి. నేను ఎరగను" అన్నాను.

సేటు చెప్పిన మాట "కంపెనీ మనిషి" వరకే. ఎరగను అన్నది నాది.

అప్పుడు యాదవ్వ పీట మీదనే ఇటు తిరిగింది. పదిహేడు రోజుల్లో జనం ఆమె మొహం చూడ్డం అదే మొదలు. టీచరమ్మతో చెప్పింది, నన్ను చూడలేదు.

"రేగడి మన్ను, కుంకుడు గాయ, అమ్మా. గా పొడి ఒక్కపారే పెట్టిన. అది గూడ సగం నెత్తికే. మీ లెక్కనే అయింది."

మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎవరో నవ్వారు. టీచరమ్మ నన్ను కొద్దిసేపు చూశారు. మిగిలిన పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఉండ కూడా అక్కడే ఉంది. దాన్ని తీసి బల్ల కింద వేశాను.

ఆ జనం పోయారు, వేరే జనం వచ్చారు. సీసాలు గిలకొట్టాను.

20 జనవరి

రాత్రి అన్నం పెట్టింది. నేను కలుపుతూ కూర్చున్నాను.

"తిను. ఎరుగని ఆడిది పెట్టిందని ఇడిసిపెట్టకు."

గోడ అవతల కొండమ్మ దగ్గింది. నేను తిన్నాను. స్టాలుకు రేపటి నుంచి రావద్దులే అందామనుకున్నాను. ఆమే అంది: "ముప్పైఒకటి దాంక వస్త. ఒట్టు నువ్వేసినా నేను గూడ మాటిచ్చిన గద."

26 జనవరి

జెండా పండుగ. తోపులాట. రెండు గంటలకే పొట్లాలు అయిపోయాయి.

31 జనవరి, శనివారం

పొడి గాలి. స్టాలు ఎత్తేశాం. సీసాలు కడిగి, పీట, బోర్డు బండి మీద దుకాణానికి చేర్చాం. సేటు అందరి ముందు నన్ను పెద్ద గుమాస్తా గద్దె మీద కూర్చోబెట్టారు. కూర్చోవడానికి బాగుంది.

అందరూ పోయాక నా పక్కన కూర్చొని చెప్పారు. పొట్లం మీద బొమ్మ వేయిస్తారట. యాదవ్వను వెనక నుంచి ఫొటో తీసి దాంతో అచ్చు బ్లాకు చేయిస్తారు. వచ్చే నుమాయిష్‌కు కూడా ఆమె కూర్చోవాలి. అప్పటిదాకా జుట్టు ఉండాలి.

సరే అన్నాను. నిలబడి సరే అనలేదు, గద్దె మీద ఉండే అన్నాను.

3 ఫిబ్రవరి, మంగళవారం

నిన్నా మొన్నా చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పాను. పూర్తిగా మానమనలేదు.

"ఇప్పుడు పోయి మూడు కత్తెర్లిచ్చి వద్దం. శానమంది గట్లనే ఇస్తరు."

ఆమె బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టలేదు.

"మూడు కత్తెర్లని మొక్కలే. నిండు తలని మొక్కిన. నువ్వు జరంత బతికి లేసినవా, నిండుగ లేసినవా?"

"ఏడాది ఆగితే సామి కోపానికొస్తడా?"

"సామి ఆగుతడు. రెండేండ్ల సంది ఆగుతనే ఉన్నడు. నన్నాగమనకు. గా పీట మీద కూసున్న కాడికెల్లి నెత్తి బరువైతున్నది. ఎవరెవరి చేతులో ఉన్నట్టున్నయి దాంట్ల."

నేను ఏరిన బియ్యం గిన్నెలోకి ఎత్తాను.

"నువ్వేం జెయ్యొద్దు. రా, గంతే. నీ పేరు మీద మొక్కింది. మంగలి కత్తి పెట్టేముందు నీ చేత్తోని నీళ్ళు పొయ్యాలె. ఆదివారం పోదం."

ఆదివారం పోదామన్నాను.

6 ఫిబ్రవరి, శుక్రవారం

ఎండ మొదలైంది. పొడి కలిపే పని పూలమ్మ అనే కొత్త మనిషికి నేర్పాను. కుంకుడు మూడు పాళ్ళు, సబ్బు పొడి రెండు, సోడా ఒకటి అని చెప్పాను. సోడా ఎందుకని ఆమె అడగలేదు.

ఇంటి దగ్గర యాదవ్వ గుట్టకు సామాను కడుతోంది. ఆదివారం బండి రాయగిరిలో ఆగదట అని చెప్పాను. గుట్టకు పోవాలంటే అక్కడే దిగాలి. "ఎవరు జెప్పిన్రు?" అంది. స్టేషన్లో అన్నాను. నేను స్టేషనుకు పోలేదు.

7 ఫిబ్రవరి, శనివారం

కొండమ్మ స్టేషనుకు పోయి అడిగి వచ్చింది. జల్లెడ పట్టుకొని పూలమ్మ ముందే అంది.

"ఆదివారం గూడ ఆగుతదట కొడుకా. టికెట్ల బాబు జెప్పిండు. మన సేటు రైలును గూడ కొన్నడేమో అనుకున్న, ఇంక కొనలేదట."

"నాకెవరో అట్ల చెప్పిన్రవ్వా."

"ఔ, చెప్పేటోళ్ళకు కొదవా" అని తుమ్మింది.

నుమాయిష్ నుంచి ఆదివారం కూడా పనే. సాయంత్రం సేటును రేపు పోనిమ్మని అడిగాను. ఎందుకో చెప్పాను. ఆయన అరవలేదు.

"ఫొటోగ్రాఫర్ రేపే వస్తడు, తొమ్మిదింటికి. ముందు ఫొటో కానియ్. గుండు ఫొటో పొట్లం మీద ఏస్తమా? వినకుంటే నీ ఇష్టం. ఆమెతోని నువ్వు గూడ పో. పోయేముందు తాళపుచెవి ఇచ్చిపో."

ఇంటికి వచ్చి యాదవ్వకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పొద్దున్నే దుకాణానికి పోయి తాళపుచెవి సేటు చేతిలో పెట్టి అటు నుంచి అటే స్టేషనుకు వస్తానన్నాను. ఆమె నా ధోవతి కూడా మూటలో పెట్టింది.

8 ఫిబ్రవరి, ఆదివారం

మబ్బు లేదు. పొద్దున యాదవ్వ తలకు ఒట్టి నీళ్ళు పోసుకుంది. నేనే తోడి పోశాను. తుడుచుకొని ముడి వేసుకుంది. కొండమ్మ మూట అందుకుంది. వాళ్ళు స్టేషను వైపు, నేను ఆబిడ్స్ వైపు నడిచాం.

సేటు తొమ్మిదింటికి గాని రారని నాకు తెలుసు. ఆయన ఇంటికి పోయి ఇవ్వచ్చు, గన్‌ఫౌండ్రీ దూరం కాదు. పక్క పాన్ డబ్బా అతనికి ఇచ్చినా అందేది. దుకాణం తెరిచాను. ఊడ్చాను. గద్దె మీద కూర్చున్నాను. స్టేషనుకు ఇక్కడి నుంచి పావుగంట నడక. ఏడున్నర దాటేదాకా గోడ గడియారం చూస్తూనే ఉన్నాను.

తొమ్మిదింటికి సేటు, ఫొటోగ్రాఫరు వచ్చారు.

"మనిషేది?"

"ఊరికి పోయింది సేట్."

తిడతారని నిలబడ్డాను. ఆయన కొంచెం ఆలోచించారు.

"సరే తియ్. ఎనక నుంచే గద, ఎవరైతే ఏంది. బేగం బజార్ల మంచి సవరం దొరుకుతది. ఉరికి పట్టుకురా. పూలమ్మకు కట్టి తీద్దం."

పోయి తెచ్చాను. పూలమ్మకు కట్టాం. మూడు ఫొటోలు తీశారు. గద్దె సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

దీపాలు పెట్టే వేళకు కొండమ్మ ఒక్కతే వచ్చింది. నా ధోవతి తెచ్చి గడప మీద పెట్టింది.

"నీళ్ళు నేనే పోసిన. బండి కూత పెట్టేదాంక ఆమె దిగి నిలబడ్డది, నేనే ఎక్కుమన్న. గుట్ట మీద గూడ జర సేపు జూసింది. మంగలి ఇంక ఆగనన్నడు."

"యాదవ్వేది?"

"ఆలేరుకు పోయింది, అన్న ఇంటికి. నువ్వడిగితే గట్లనే జెప్పుమన్నది. అడగకుంటే జెప్పొద్దన్నది."

ఎప్పుడు వస్తుందని అడిగాను. తనకు తెలియదంది.

నాంపల్లి నుంచి ఏడున్నర బండికి యాదవ్వ, కొండమ్మ పోయారు. నేను పోలేదు. సాయంత్రం నాలుగింటికి రాయగిరి నుంచి యాదవ్వ ఆలేరుకు పోయింది, ఒక్కతే.